రాక్షసిబొగ్గులో దాగిన అన్నదమ్ములు

పిల్లలూ! రాక్షసిబొగ్గును మీరు చూసే ఉంటారు. చూడకపోతే, కొత్తగూడెం వైపునుంచో రామగుండం వైపునుంచో వచ్చే గూడ్సుబండి ఏదైనా స్టేషనులో ఆగినప్పుడు చూడండి. ప్రతి పెట్టెలోనూ నల్లగా, అక్కడక్కడ మిలమిల మెరుస్తూ కుప్పలుగా పోసి ఉంటుంది. 1871లో కింగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు దగ్గర ఈ బొగ్గును కనుక్కున్నాడు. ఆనాటినుంచి గోదావరి లోయలోని సింగరేణి బొగ్గు ఊరూరా పేరు పొందింది.

ఈ బొగ్గును విద్యుత్కేంద్రాలలో కాలుస్తారు. కాలగా మిగిలేది బూడిద. మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. నూరు కిలోల బొగ్గు కాలిస్తే ముప్ఫయ్యయిదు, నలభై కిలోల బూడిద మిగలడం మామూలే. ఇలా దేశం మొత్తం మీద ఏటా 20 కోట్ల టన్నులకు పైగా బూడిద వస్తున్నది. దానిలో కొంత సిమెంటులో కలుపుతారు, కొంత ఇటుకలు చేస్తారు. మిగిలినది పెద్ద పెద్ద బూడిద చెరువులలో పడి ఉంటుంది. ఎండాకాలంలో ఆ బూడిద గాలికి లేచి చుట్టుపక్కల ఊళ్ళమీద పడుతుంది కూడా.

ఎవరికీ పనికిరాని ఆ బూడిదలో, మీ నాన్నగారి సెల్‌ఫోనుకూ, కొత్తగా వచ్చిన విద్యుత్ స్కూటరుకూ, గాలిమరలకూ కావలసిన అరుదైన లోహాలు దాగి ఉన్నాయంటే మీరు నమ్ముతారా? ఉన్న మాట నిజమే. కాని ఎంత ఉన్నాయి? తీసి వాడుకోవడానికి సరిపడా ఉన్నాయా, పేరుకు మాత్రమే ఉన్నాయా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవాడు రసాయన శాస్త్రజ్ఞుడు. అతను ఆ జవాబు ఎలా రాబడతాడో, రాబట్టిన జవాబు నిజమని ఎలా రుజువు చేసుకుంటాడో చూద్దాం.

పేరు వచ్చిన విధం

ఈ లోహాలను “అరుదైన మృత్తికలు” అంటారు. పేపర్లలో “రేర్ ఎర్త్స్” అని రాస్తున్నది వీటిని గురించే. మృత్తిక అంటే మన్ను. నిప్పులో వేసినా కరగని పొడులను పూర్వపు రసాయన శాస్త్రజ్ఞులు మన్ను అనేవారు. ఈ పొడులు మొదట ఎక్కడో ఒకచోట, అరుదైన రాళ్ళలో దొరికాయి గనుక అరుదైన మన్ను అన్నారు.

స్వీడన్ దేశంలో ఇట్టర్‌బీ అనే చిన్న ఊరున్నది. 1787లో ఆరేనియస్ అనే సైనికోద్యోగి ఆ ఊరి గనిలో బొగ్గులాగా నల్లగా ఉన్న బరువైన రాయి ఒకటి చూశాడు. 1794లో గాడొలిన్ అనే ఆయన ఆ రాయిని పరీక్షించి, అందులో అంతవరకూ ఎవరికీ తెలియని కొత్త మన్ను ఉన్నదని తేల్చాడు. కాలక్రమాన ఆ చిన్న ఊరి పేరుమీద ఇట్రియం, టెర్బియం, ఎర్బియం, ఇటర్బియం అని నాలుగు మూలకాలకు పేర్లు వచ్చాయి. ప్రపంచంలో మరే ఊరికీ ఇంత గౌరవం దక్కలేదు.

ఈ మూలకాలు మొత్తం పదిహేడు. ఆవర్తన పట్టికలో 57వ నంబరు లాంథనం మొదలు 71వ నంబరు లుటీషియం వరకు పదిహేను. వాటికి స్కాండియం, ఇట్రియం తోడు. ఇందులో 61వ నంబరు ప్రొమీథియం తనంతట తానే నశించిపోతుంది గనుక ప్రకృతిలో లేనట్టే లెక్క. కాబట్టి బొగ్గులో మనం వెతకవలసినవి పదహారు.

పేరుకు అరుదైనవే గాని, నిజానికి ఇవన్నీ అంత అరుదు కావు. భూమి పైపొరలో సీరియం ఇంచుమించు రాగి అంత ఉన్నది. చిక్కల్లా ఏమిటంటే, ఇవి బంగారంలా ఒకచోట పోగుపడవు. ఎక్కడ చూసినా చిటికెడు చిటికెడు ఉంటాయి. పైగా ఈ అన్నదమ్ములందరిదీ ఒకే పోలిక. పరమాణువుల వెలుపలి పొర అందరికీ ఒకేలా ఉండి, తేడా అంతా లోపలి పొరలో ఉండడమే ఇందుకు కారణం. ఒక ఆమ్లంలో ఒకటి కరిగితే అన్నీ కరుగుతాయి. ఒకటి అడుక్కు దిగితే అన్నీ దిగుతాయి.

ఈ పోలిక ఎంతమందిని మోసం చేసిందో వినండి. మొజాండర్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు 1839లో ఒక కొత్త మూలకాన్ని కనిపెట్టి దానికి లాంథనం, అంటే “దాగినది”, అని పేరు పెట్టాడు. కొద్ది కాలానికే మరొకటి కనిపెట్టి, ఇది లాంథనానికి కవల అనే అర్థంతో డిడీమియం అన్నాడు. నలభై యేళ్ళకు పైగా అందరూ డిడీమియాన్ని ఒక్క మూలకమే అనుకున్నారు. 1885లో ఆవర్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు అది ఒకటి కాదనీ, ప్రాసియోడిమియం, నియోడిమియం అనే రెండు మూలకాలనీ చూపించాడు. పెళ్ళిళ్ళలో పెట్రొమాక్సు దీపం వెలిగించేవారని మీ తాతగారు చెప్పి ఉంటారు. అందులో తెల్లగా వెలిగే మాంటిల్ కూడా ఈ ఆవర్ కనిపెట్టినదే. దానికి నూటికి ఒక వంతు సీరియం మన్ను కలిపితేనే ఆ వెలుగు.

విడదీయడం ఎంత కష్టమో తెలియాలంటే చార్లెస్ జేమ్స్ కథ చాలు. 1911లో అమెరికాలో ఆయన శుద్ధమైన థూలియం కోసం ఒకే ఉప్పును కరిగించి, స్ఫటికాలుగా దించి, మళ్ళీ కరిగించి, మళ్ళీ దించి, ఇలా 15,000 సార్లు చేశాడు.

బొగ్గులోకి ఎలా చేరాయి?

మన బొగ్గు పుట్టి ఇరవై అయిదు, ముప్ఫయి కోట్ల సంవత్సరాలయింది. ఆ కాలపు చిత్తడి నేలల్లో పెరిగిన చెట్లు కూలి, బురద కింద పడి, బరువుకూ వేడికీ బొగ్గయ్యాయి. ఏళ్ళ తరబడి నదులు ఆ చిత్తడిలోకి ఒండ్రుమట్టిని తెచ్చి పోశాయి. ఆ మట్టితో కూడా మోనజైటు, జిర్కాను వంటి ఖనిజాల రేణువులు వచ్చి చేరాయి. కేరళ తీరపు ఇసుకలోనూ, మన భీమునిపట్నం దగ్గరి ఇసుకలోనూ దొరికే మోనజైటు ఇదే. దాన్నిండా అరుదైన మృత్తికలే. కొన్నిచోట్ల అగ్నిపర్వతాల బూడిద చిత్తడిమీద రాలింది. నేలలో పారే నీళ్ళుకూడా కొంత తెచ్చాయి.

1930 ప్రాంతాల్లో జర్మనీలోని గెట్టింగెన్ నగరంలో గోల్డ్‌ష్మిట్ అనే గొప్ప శాస్త్రజ్ఞుడు బొగ్గు బూడిదలను పరీక్షించాడు. రెండు కర్బన కడ్డీల మధ్య విద్యుత్తు మండించి, ఆ మంటలో బూడిదను కాల్చి, వచ్చిన వెలుగును పట్టకంతో విడదీసి చూశాడు. ప్రతి మూలకానికీ తనదైన వెలుగు గీతలుంటాయి. జెర్మేనియం వంటి అరుదైన మూలకాలు మామూలు రాళ్ళలోకంటె బొగ్గు బూడిదలో ఎన్నో రెట్లు చిక్కగా ఉండడం చూసి ఆయన ఒక కారణం ఊహించాడు. చెట్టు వేళ్ళతో నేల లోతునుంచి మూలకాలను పీల్చి ఆకుకు చేరుస్తుంది. ఆకు రాలుతుంది. వానకు కరిగేవి కొట్టుకుపోతాయి. కరగనివి ఆకుమన్నులో మిగిలిపోతాయి. ఇలా ఏటేటా జరిగితే పైమన్ను వాటితో నిండుతుంది. మనం దాచుకోవడం నేర్వకముందే చెట్లు నేర్చాయన్నమాట!

ఇంతకూ ఎంత ఉంటాయి? ప్రపంచంలోని బొగ్గులన్నిటి సగటు తీస్తే, టన్ను బొగ్గులో ఈ అన్నదమ్ములందరూ కలిసి సుమారు 68 గ్రాములు. బొగ్గు కాలిపోతుంది గాని ఇవి కాలవు గనుక బూడిదలో చిక్కబడతాయి. టన్ను బూడిదలో సగటున సుమారు 400 గ్రాములు. అన్నిటికంటె చిన్నవాడు లుటీషియం టన్ను బొగ్గులో ఉండేది గ్రాములో అయిదో వంతు. ఒక్కొక్క గని బొగ్గుకు ఈ అంకెలు మారిపోతాయి. అందుకే ఏ గనికి ఆ గని, ఏ పొరకు ఆ పొర విడివిడిగా పరీక్ష చెయ్యాలి.

ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి అమ్మ ఒక్క మెతుకు పట్టి చూస్తుంది. కుండలో మెతుకులన్నీ ఒకటే గనుక అది సరిపోతుంది. బొగ్గు అలాటిది కాదు. ఒక పెళ్ళ నల్లగా నిగనిగలాడుతూ ఉంటే, దాని పక్కదానిలో మట్టిచార ఉంటుంది. చేతికందిన పెళ్ళను తీసుకుపోయి పరీక్షిస్తే ఆ పెళ్ళ సంగతే తెలుస్తుంది తప్ప గని సంగతి తెలియదు.

కాబట్టి కుప్పలో చాలాచోట్లనుంచి బొగ్గు తీసి, పగలగొట్టి, కళ్లంలో ధాన్యం రాశిలాగా పోస్తారు. ఆ రాశి నెత్తిని చదును చేసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు పారేస్తారు. మిగిలిన రెండూ కలిపి, ఇంకా మెత్తగా నూరి, మళ్ళీ రాశి పోసి, మళ్ళీ నాలుగు భాగాలు చేస్తారు. ఇలా క్వింటాళ్ళ బొగ్గు గుప్పెడు పొడి అవుతుంది. ఆ పొడిని సన్నని జల్లెడ పట్టి సీసాలో పోసి, పేరూ తేదీ రాసి అంటిస్తారు. ఇక్కడ పొరపాటు జరిగితే తర్వాత ఎంత గొప్ప యంత్రం వాడినా ప్రయోజనం లేదు.

నిప్పు, ఆమ్లం

ఆ పొడిలో ఒక గ్రాము త్రాసులో తూచి చిన్న మూసలో పోస్తారు. కంసాలి బంగారం కరిగించే మూసవంటిదే, కాకపోతే ప్లాటినంతోనో క్వార్ట్‌జుతోనో చేసినది. దాన్ని విద్యుత్ కొలిమిలో పెట్టి వేడి మెల్లమెల్లగా పెంచుతారు. మొదటి గంటలో 300 డిగ్రీలు, రెండో గంటలో 500 డిగ్రీలు. తొందరపడి ఒక్కసారిగా వేడి పెడితే పొడి చిట్లి బయటికి ఎగురుతుంది. నల్లదనమంతా పోయి బూడిద మిగిలాక చల్లార్చి మళ్ళీ తూస్తారు. నూటికి ఎంత బూడిద అన్నది దీనితో తేలిపోతుంది.

ఇప్పుడు ఆ బూడిదను నీళ్ళలాటి ద్రావణం చెయ్యాలి. బూడిదలో ఎక్కువ భాగం ఇసుకా మట్టీ గనుక మామూలు ఆమ్లాలకు లొంగదు. బంగారాన్ని కరిగించే ఆమ్లాల మిశ్రమం ఒకటున్నది; దానికి తోడు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పోస్తారు. ఇది గాజునుకూడా తినేస్తుంది! అందుచేత గాజు పాత్రలు పనికిరావు, టెఫ్లాన్ పాత్రలు వాడతారు. ఈ ఆమ్లం చాలా ప్రమాదకరమైనది. చర్మంమీద పడితే లోపలికి దిగి ఎముకలోని కాల్షియందాకా పోతుంది. దీనితో పనిచేసేవారు చేతికి ప్రత్యేకమైన తొడుగులు వేసుకుని, పొగలు పీల్చివేసే అలమారలో చెయ్యిపెట్టి పని చేస్తారు. మందు పక్కనే ఉంచుకుంటారు.

ఇక్కడే ఒక విచిత్రం ఉన్నది. బూడిదను కరిగించడానికి పోసిన ఆమ్లమే మన అన్నదమ్ములను తిరిగి దాచేస్తుంది! హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కలిస్తే అరుదైన మృత్తికలు కరగని తెల్లని పొడి అయి పాత్ర అడుక్కు దిగుతాయి. కంటికి కనిపించనంత కొద్ది పొడి అది. తెలియనివాడు పైన తేరిన ద్రావణాన్ని మాత్రమే పరీక్షించి, “ఈ బొగ్గులో పెద్దగా ఏమీ లేవు” అని రాసేస్తాడు. నిజానికి అవి అతని పాత్ర అడుగునే ఉన్నాయి. తెలిసినవాడు ఆ ఆమ్లాన్ని ఇగిరిపోయేదాకా వేడి చేస్తాడు. లేదా బోరిక్ ఆమ్లం పోసి దాని నోరు కట్టేస్తాడు. జిర్కాను వంటి మొండి రేణువులు అప్పటికీ కరగకపోతే, బూడిదను లిథియం బోరేటు అనే ఉప్పుతో కలిపి సుమారు 1000 డిగ్రీల వేడిలో కరిగించి, గాజుపూస చేసి, ఆ పూసను పలచని ఆమ్లంలో కరిగిస్తాడు.

పరమాణువులకు ద్వారపాలకుడు

పూర్వం ఈ అన్నదమ్ములను లెక్క పెట్టాలంటే ఒకరినొకరినుంచి విడదీయక తప్పేది కాదు. విడదీయకుండా గుర్తుపట్టే ఉపాయం 1936లో హెవెసీ అనే శాస్త్రజ్ఞుడూ హిల్డా లెవీ అనే ఆమే కోపెన్‌హాగెన్‌లో కనిపెట్టారు. ఇట్రియం మన్నును న్యూట్రానులతో కొడితే అందులో కలిసి ఉన్న డిస్ప్రోసియం రేడియోధార్మికంగా మారి, తన ఉనికిని తానే బయట పెట్టింది. ఆ తరవాత చాలాకాలం బొగ్గునూ బూడిదనూ ఈ పద్ధతిలో అణు రియాక్టర్లలో ఉంచి పరీక్షించారు.

ఇప్పుడు ఎక్కువగా వాడేది మరొక యంత్రం. 1980లో దీని సంగతి మొదటిసారి ప్రకటించారు. 1983నుంచి అమ్మకానికి వచ్చింది. మన హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలోకూడా రాళ్ళనూ నీళ్ళనూ దీనితో పరీక్షిస్తారు. ఇది పని చేసే తీరు చెబుతాను.

ఆర్గాన్ అనే వాయువును ఒక గొట్టంలో పంపి, చుట్టూ ఉన్న తీగచుట్టలో రేడియో విద్యుత్తు ప్రవహింపజేస్తే వాయువు వెలిగిపోతుంది. దీని వేడి 6000 డిగ్రీలనుంచి 10,000 డిగ్రీల దాకా ఉంటుంది. సూర్యుడి ఉపరితలం వేడి సుమారు 5500 డిగ్రీలే! మన ద్రావణాన్ని సన్నని తుంపరగా చేసి ఇందులోకి ఊదుతారు. నీరు ఆవిరవుతుంది, ఉప్పు చెదిరిపోతుంది, ఒక్కొక్క పరమాణువూ విడిపోయి ఒక ఎలక్ట్రానును పోగొట్టుకుంటుంది. అలా విద్యుదావేశం వచ్చిన పరమాణువును అయాను అంటారు.

ఆ అయానులు సన్న రంధ్రంగుండా గాలి లేని గదిలోకి దూరతాయి. అక్కడ నాలుగు లోహపు కడ్డీలు నిలబడి ఉంటాయి. వాటిలోని విద్యుత్తును సవరించి, ఏ బరువుగల అయాను కావాలో దాన్ని మాత్రమే వెళ్ళనిస్తారు. సర్కసు గుమ్మం దగ్గర టిక్కెట్లు చూసేవాడిలాగా, “139 బరువువాళ్ళు మాత్రమే రండి” అంటే లాంథనం పోతుంది. “140” అంటే సీరియం. “141” అంటే ప్రాసియోడిమియం. “175” అంటే లుటీషియం. అవతల కూర్చున్న మరొక పరికరం వచ్చినవారిని ఒక్కొక్కరినే లెక్క పెడుతుంది. పోలిక ఒకటే అయినా అన్నదమ్ముల బరువులు వేరు గనుక ఇక దాగడం సాధ్యం కాదు.

ఇది ఎంత కొద్దిని పట్టుకుంటుందంటే, నూరు మిల్లీగ్రాముల బూడిదను నూరు మిల్లీలీటర్ల ద్రావణం చేశామనుకోండి. బూడిదలో టన్నుకు ఒక గ్రాము లుటీషియం ఉంటే, ద్రావణంలో వెయ్యి టన్నులకు ఒక గ్రాము అవుతుంది. వెయ్యి టన్నుల నీళ్ళంటే 25 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు ఉన్న కోనేరు. అందులో ఒక్క గ్రాము ఉప్పు కలిపినట్టు! దాన్నికూడా ఈ యంత్రం సునాయాసంగా చెప్పగలదు.

దొంగ యూరోపియం

మరి యంత్రం చెప్పిందల్లా నమ్మవచ్చునా? కూడదు. గుమ్మం దగ్గరివాడు చూసేది బరువును మాత్రమే. ఎవరైనా ఇద్దరు కలిసి ఒకే బరువు తూగితే?

అచ్చంగా అదే జరుగుతుంది. యూరోపియం బరువులు 151, 153. బూడిదలో బేరియం అనే మరొక లోహమున్నది. అది యూరోపియంకంటె కొన్ని వందల రెట్లు ఎక్కువ. అంత వేడిలోనూ కొద్ది బేరియం, ప్రాణవాయువుతో కలిసే ఉంటుంది. బేరియం బరువు 135, ప్రాణవాయువు 16, కలిపితే 151! మరొక రకం బేరియం 137కు 16 కలిపితే 153! ఈ జంటలు యూరోపియం టిక్కెట్టుతో లోపలికి దూరిపోతాయి. యంత్రం వాటినికూడా యూరోపియంగానే లెక్క పెడుతుంది. పాపం, దానికేం తెలుసు?

కాబట్టి రసాయన శాస్త్రజ్ఞుడు యూరోపియం బొత్తిగా లేని శుద్ధమైన బేరియం ద్రావణాన్ని యంత్రానికి ఇస్తాడు. 151 దగ్గర ఎంత కనిపించిందో అదంతా దొంగ లెక్క. దాన్నిబట్టి అసలు నమూనాలో తీసివెయ్యవలసినంత తీసివేస్తాడు.

అంకె నిజమేనా?

అతను చేసే పరీక్షలు ఇంకా ఉన్నాయి. బూడిద వెయ్యకుండా, ఆమ్లాలు మాత్రమే పోసి, మిగతా పనులన్నీ మామూలుగా జరిపి చూస్తాడు. ఆమ్లంనుంచో, పాత్రనుంచో, గదిలోని దుమ్మునుంచో వచ్చినదెంతో దానితో బయటపడుతుంది. ఒకే బొగ్గును రెండు మూడు సార్లు మొదటినుంచీ చేసి, జవాబులు కలుస్తాయా అని చూస్తాడు. తెలిసినంత లాంథనం తానే కలిపి, అది మొత్తం లెక్కలోకి తిరిగి వస్తుందా అని చూస్తాడు.

వీటన్నిటికంటె గట్టి పరీక్ష మరొకటి. అమెరికా ప్రమాణాల సంస్థవారు బొగ్గుపొడినీ బొగ్గు బూడిదనూ అనేక పద్ధతులలో పరీక్షించి, అందులో ఏ మూలకం ఎంత ఉన్నదో ధ్రువపత్రంతో సహా సీసాలలో అమ్ముతారు. వ్యాపారి దగ్గర ముద్రవేసిన తూకపురాయి ఉన్నట్టే, పరిశోధనశాలలో ఈ సీసా ఉంటుంది. జవాబు తెలిసిన ఆ బూడిదను తనకు జవాబు తెలియని బూడిద పక్కనే పెట్టి పరీక్షిస్తాడు. తెలిసినదానికి సరైన అంకె రాకపోతే, తెలియనిదానికి వచ్చిన అంకెను కాగితంమీద పెట్టడు.

చివరికి ప్రకృతికూడా అతనికి ఒక సాక్షిని ఇచ్చింది. ఈ అన్నదమ్ములలో సరిసంఖ్య నంబరు గలవాడు తన పక్కనున్న బేసిసంఖ్యవాడికంటె ఎక్కువగా ఉంటాడు. ప్రపంచపు బొగ్గుల సగటు చూడండి: 57వ లాంథనం టన్నుకు 11 గ్రాములు, 58వ సీరియం 23, 59వ ప్రాసియోడిమియం మూడున్నరకు కొంచెం తక్కువ, 60వ నియోడిమియం 12. గీత గీస్తే రంపపు పళ్ళలాగా వస్తుంది. ఈ అంకెలను మామూలు మట్టిరాతిలోని అంకెలతో భాగిస్తే పళ్ళు పోయి నున్నని గీత వస్తుంది. ఆ గీతలో ఒక్కచోట ముల్లులాగా పైకి లేస్తే శాస్త్రజ్ఞుడు సంతోషించడు, అనుమానిస్తాడు. అది యూరోపియం దగ్గరైతే మొట్టమొదట బేరియాన్ని ప్రశ్నిస్తాడు.

ఇంత జాగ్రత్త ఎందుకు?

బలమైన చిన్న అయస్కాంతాలు నియోడిమియంతో చేస్తారు. ఫోనులోని స్పీకరులోనూ, విద్యుత్ వాహనాల మోటార్లలోనూ ఉండేవి ఇవే. 2025 ఏప్రిల్‌లో చైనా ఈ మూలకాలలో ఏడింటి ఎగుమతిపైన ఆంక్షలు పెట్టగా, అయస్కాంతాలు అందక కొన్ని దేశాలలో మోటారు కార్ల కర్మాగారాలు పని ఆపవలసివచ్చింది. కనుకనే బూడిదనుంచి వీటిని తియ్యవచ్చునా అని దేశదేశాల వారు చూస్తున్నారు.

కాని అది తేలిక పని కాదు. విద్యుత్కేంద్రపు కొలిమి వేడికి బూడిద కరిగి, కంటికానని గాజుగోళీలలాగా గట్టిపడుతుంది. మన లోహాలు ఆ గాజులో చిక్కుకుని ఉంటాయి. బయటికి లాగాలంటే ఆమ్లం కావాలి, వేడి కావాలి, డబ్బు కావాలి. వాడిన ఆమ్లం ఏటిలో కలవకుండా చూడాలి. టన్నుకు 600 గ్రాములున్న బూడిదకు ఇదంతా గిట్టవచ్చు. 150 గ్రాములే ఉంటే నష్టం. ఉన్నదానికంటె ఎక్కువ అంకె వేస్తే కోట్ల రూపాయల కర్మాగారం కట్టి మూసుకోవాలి. తక్కువ వేస్తే నిధిని ఇటుకలలో కలిపి గోడ కట్టేస్తాం. కర్మాగారానికి పునాది పడేది పరిశోధనశాలలోని ఆ గ్రాము పొడిమీదనే.

మీకొక లెక్క

ఇప్పుడు మీరే రసాయన శాస్త్రజ్ఞులు. కాగితం, పెన్సిలు తీసుకోండి. అమ్మా నాన్నలనుకూడా చెయ్యమనండి.

ఒకటి: నూరు గ్రాముల బొగ్గు కాలిస్తే 40 గ్రాముల బూడిద మిగిలింది. ఆ బూడిదలో టన్నుకు 250 గ్రాముల అరుదైన మృత్తికలున్నాయి. కాల్చకముందు టన్ను బొగ్గులో ఎంత ఉన్నట్టు?

రెండు: 100 మిల్లీగ్రాముల బూడిదను 100 మిల్లీలీటర్ల ద్రావణం చేశారు. యంత్రం 151 దగ్గర, వెయ్యి టన్నుల ద్రావణానికి 3 గ్రాముల యూరోపియం ఉన్నదని చెప్పింది. అంతే బేరియం ఉన్న శుద్ధ బేరియం ద్రావణానికి అదే యంత్రం 0.6 గ్రాములని చెప్పింది. టన్ను బూడిదలో నిజమైన యూరోపియం ఎంత?

జవాబులు: మొదటిదానికి 100 గ్రాములు. రెండోదానికి 2.4 గ్రాములు. మీకు 3 గ్రాములు వచ్చిందా? అయితే బేరియం మిమ్మల్నికూడా మోసం చేసింది, మరొకసారి చెయ్యండి.